తాతయ్య ట్రంకు పెట్టె మళ్లీ అండమాన్ చేరిన వైనం

"ఈ వస్తువు మీ చేతికి ఎలా వచ్చింది?" అని మ్యూజియం వాళ్లు పంపిన ఫారంలో ఒక గడి ఉంది. దానికి ముందున్న గడులన్నీ టేపు, కాటా పట్టుకుని కూర్చుంటే ఒక పూటలో నిండిపోయేవే. వస్తువు పేరు, దేనితో చేసింది, పొడవు వెడల్పులు, ఎక్కడైనా విరిగిందా, అంతే. ఈ ఒక్క గడి మాత్రం మా ఇంటిల్లిపాదినీ నెలల తరబడి తిప్పలు పెట్టింది. నాన్నకు కోపం తెప్పించింది, పిన్నికి అనుమానాలు తెప్పించింది, అండమాన్‌లో ఉన్న మా మేనత్త చేత యాభై ఏళ్ల కిందటి సంగతులన్నీ తవ్వించింది. ఇంట్లో పాత సామాను ఉండి, ఏదైనా మ్యూజియంకి ఇద్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మేముండేది చెన్నై పెరంబూరులో. నాన్న రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. తాతయ్యది సోంపేట దగ్గర పల్లె. 1950ల్లో మద్రాసు రేవులో ఓడెక్కి అండమాన్ వెళ్లి చాథం సామిల్లులో చేరాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చిన్న వంతెన దాటితే వచ్చే బుల్లి దీవి చాథం. 1789లో ఇంగ్లీషు నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ మొట్టమొదట మకాం వేసింది దాని మీదే. మిల్లు మాత్రం 1883లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంట ఇప్పటికీ మిల్లు ఆవరణలో ఉంది, చూడ్డానికి వచ్చినవాళ్లకి చూపిస్తారు. తాతయ్య అక్కడే పిల్లల్ని పెంచి పెద్దచేసి, ఉద్యోగం అయ్యాక నాన్న దగ్గరకు వచ్చేశాడు. అత్తకి అక్కడే పెళ్లయింది. ఇప్పటికీ పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లోనే ఉంటోంది.

అండమాన్‌లో తెలుగువాళ్లా అని నోరెళ్లబెట్టేవాళ్లు ఇక్కడ నాకు తరచూ తగులుతుంటారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ మాతృభాష తెలుగు అని రాయించుకున్నవాళ్లు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే.

తాతయ్య ట్రంకు పెట్టె మా అటక మీద ఉండేది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి మా వీధి మునిగింది. కింది గదిలో ఉన్న ఆల్బమ్‌లు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయ్యాయి. అటక మీది పెట్టెకి ఏమీ కాలేదు. నీళ్లు తీశాక నాన్నే అన్నారు, "అమ్మాయ్, ఇది ఇంక మన దగ్గర వద్దు. వచ్చే వానకి అటక మాత్రం ఉంటుందని నమ్మకం ఏమిటి?"

మరి ఎవరికి ఇవ్వాలి? అండమాన్‌లో మ్యూజియాలకు కొదవ లేదు. సెల్యులార్ జైలు ఉంది, అది 1979లో జాతీయ స్మారకం అయింది. ఆదిమ తెగల గురించి ఆంత్రోపాలజీ మ్యూజియం ఉంది, నేవీ వాళ్ల సముద్రిక ఉంది, చాథంలోనే అటవీ శాఖ మ్యూజియం ఉంది. జైలుకి ఖైదీల కథ కావాలి, నేవీకి సముద్రం కావాలి, అటవీ శాఖకి చెక్క కావాలి. మిల్లులో దుంగలు లాగిన మనిషి ఇంట్లో పిండి ఎలా విసిరారో ఎవరికి కావాలి? ఆ సంగతి అడిగేవాళ్లు కూడా ఉన్నారని అత్త కొడుకు చెప్పాడు. బయటి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఇళ్ల నుంచి వస్తువులు పోగుచేస్తున్న చిన్న మ్యూజియం అది. వాళ్లకి నాలుగు ఫోటోలు జతచేసి మెయిల్ పెట్టాను.

జవాబు వెంటనే వచ్చింది, కానీ నేననుకున్నట్టు "పంపండి" అని కాదు. "ఇప్పుడే ఏమీ పంపకండి. ఏదీ తుడవకండి, కడగకండి, నూనె రాయకండి, టేపుతో అతికించకండి, కాగితాలకి లామినేషన్ చేయించకండి" అని వరసగా వద్దులే. ఇత్తడి చెంబు తోమడానికి చింతపండు నానబెట్టిన మా అమ్మ ఆ గిన్నె అలాగే పట్టుకెళ్లి పులుసు పెట్టేసింది.

తర్వాత నేర్చుకున్నది ఏమిటంటే, మ్యూజియంలో వస్తువు తీసుకోవడం అంటే దాన్ని ఎప్పటికీ సాకుతామని మాట ఇవ్వడం. ఉప్పు గాలి, బూజు, చెదలు ఉన్న చోట ప్రతి వస్తువూ ఒక ఖర్చు. అందుకే ముందు జాబితా అడుగుతారు, జాబితాలోంచి ఏరుకుంటారు, ఏరుకున్నదానికి కాగితాలు అడుగుతారు, ఆఖరున గానీ వస్తువు జోలికి రారు. మనమేమో గుడికి కొబ్బరికాయ ఇచ్చినట్టు ఇచ్చేసి దండం పెట్టుకుని వచ్చేద్దామనుకుంటాం.

జాబితా రాయడానికి హాల్లో ఉతికిన దుప్పటి పరిచి పెట్టె విప్పాం. ప్రతి వస్తువుకీ ఒక తాత్కాలిక నంబరు, పక్కన స్కేలు పెట్టి ఫోటో, వెనక వైపు ఇంకో ఫోటో. కాగితాల మీద పెన్ను పెట్టకూడదు, మెత్తటి పెన్సిల్‌తో ఒక మూల సన్నగా రాయాలి. తుప్పు పట్టిన గుండుసూదులు మాత్రం తీసెయ్యమన్నారు. ఫోటోల బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకోవాలి. ఎగ్మూర్ మ్యూజియంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా స్నేహితురాలికి బంధువు. ఆయన ఒక ఆదివారం వచ్చి చూశారు. ఆ మ్యూజియం పుట్టింది 1851లో. కంచు విగ్రహాల చిలుము వదిలించడానికి అక్కడ 1930లోనే కెమిస్ట్రీ ల్యాబ్ పెట్టారని ఆయన గర్వంగా చెప్పారు. ఖరీదైన కాగితాల కోసం చెన్నై పారిస్ కార్నర్‌లోని అండర్సన్ వీధంతా తిరగక్కర్లేదని, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరేసిన తెల్ల నూలు గుడ్డ చాలని ఆయన సలహా. కలరా ఉండలు కనిపిస్తే వెంటనే తీసి పారేయమన్నారు.

తాతయ్య ఖాకీ చొక్కాలో పురుగు గుడ్లు ఉన్నాయేమోనని అనుమానం వచ్చింది. దానికి మందు కొట్టకూడదు, చలిలో పెట్టాలి. పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ ఇరవై దాకా పోయే డీప్ ఫ్రీజర్‌లో వారం పైన ఉంచి, తీశాక సంచి విప్పకుండా మామూలు వేడికి రానివ్వాలి. లేకపోతే గాలిలో తేమంతా గుడ్డ మీద చేరుతుంది. మా వీధి చివర ఐస్‌క్రీమ్ డీలరు పాపం ఒప్పుకున్నాడు. రెండు వారాల పాటు ఆ చొక్కా కసాటా డబ్బాల మధ్య పడుకుంది. "ఎక్స్‌పైరీ ఎప్పుడక్కా దీనికి?" అని అడిగాడు వాళ్ల అబ్బాయి.

ఇంక అసలు గడి సంగతికి వస్తాను. "ఎలా వచ్చింది?"

పెట్టెలో ఒక పది రూపాయల నోటు ఉంది. దాని మీద జపనీస్ గవర్నమెంట్ అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. చిన్నప్పటి నుంచీ నాన్న మాకు చెప్పింది, 1942లో జపాన్ వాళ్లు అండమాన్‌ని పట్టుకున్నప్పుడు అక్కడ చలామణీ చేసిన డబ్బు అని. జాబితాలో దాన్ని అన్నిటికన్నా పైన రాయించారు. మ్యూజియం మేడమ్ ఫోటో చూసి నోటు మీది అక్షరం ఏమిటని అడిగారు. బి. జపాన్ వాళ్లు పట్టుకున్న ఒక్కో దేశానికీ ఒక్కో అక్షరంతో నోట్లు వేశారట. మలయాకి ఎం, ఫిలిప్పీన్స్‌కి పి, బర్మాకి బి. "ఇది బర్మా కోసం వేసిన నోటు. అండమాన్‌లో చేతులు మారిందని చెప్పాలంటే ఇంకేదైనా ఆధారం కావాలి" అన్నారు. పైగా తాతయ్య అండమాన్ వెళ్లేసరికి జపాన్ వాళ్లు పోయి ఏళ్లయింది. అత్తని అడిగితే నవ్వింది. "ఏటే, అది మా పెదనాన్నది. రంగం నుంచి నడిచొచ్చినోడు కాదేటి! యుద్ధం అప్పుడు. జేబులో అదొక్కటే మిగిలినాదట." రంగం అంటే రంగూన్. బర్మా అడవుల్లోంచి నడిచొచ్చిన నోటు అది. మా ఇంటికి అది ఇప్పుడు ఇంకా విలువైంది, ఆ మ్యూజియంకి మాత్రం అక్కర్లేనిది. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు.

నాన్న అసలు కోపం సుత్తి దగ్గర బయటపడింది.

అటవీ శాఖలో దుంగలకి ముద్ర వేసే సుత్తి ఒకటుంటుంది. ఒక పక్క మామూలు సుత్తిలాగే ఉంటుంది, రెండో పక్క అక్షరాలు ఎత్తుగా పోసి ఉంటాయి. దుంగ కోసిన ముఖం మీద గట్టిగా కొడితే ఆ గుర్తు లోపలికి దిగుతుంది. ఆ గుర్తు ఉంటే దుంగ సర్కారు లెక్కకి ఎక్కినట్టు. లేకపోతే దొంగ దుంగ. అందుకే ఆ సుత్తుల్ని శాఖ వాళ్లు రిజిస్టర్లో రాసి మరీ కాపాడుకుంటారు. అలాంటి సుత్తి తాతయ్య పెట్టెలో ఉంది. మ్యూజియం మేడమ్ చాలా మర్యాదగానే అడిగారు, ఇది మీ తాతగారి సొంతమా, శాఖదా అని. స్పీకర్‌లో విన్న నాన్న కుర్చీలోంచి లేచిపోయారు. "జీవితమంతా ఆ మిల్లుకే పనిచేసిన మనిషిని దొంగ అంటున్నారా?" ఎవరూ ఆ మాట అనలేదు. కానీ ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు.

రాత్రి అత్తకి వీడియో కాల్ చేశాం. "ఏటే, ఆ సుత్తి ఇంకా ఉన్నాదా? కొత్త సుత్తి వచ్చినప్పుడు పాతది కొట్టేసి ఇచ్చినారు నాన్నకి. నేను చిన్నదాన్ని, గుర్తు" అంది. కొట్టేసి అంటే? ఫోన్ టార్చి వేసి సుత్తి ముఖాన్ని ఏటవాలుగా చూశాను. తుప్పు కింద, అక్షరాల మీదుగా, ఉలితో కొట్టిన ఒక అడ్డగీత. అంతకుముందు ఎన్నిసార్లు చూసినా అది దెబ్బ తగిలిన గాటు అనుకునేవాళ్లం. ఆ సుత్తితో ఇంక ఎవరూ ముద్ర వెయ్యకుండా రద్దు చేసిన గుర్తు అది. నాన్న భూతద్దం తెచ్చి చాలాసేపు చూశారు. ఆ మర్నాడు సుత్తి ముఖం క్లోజప్ తీసి, అత్త చెప్పింది ఆమె మాటల్లోనే రాసి పంపాను.

మేడమ్ సంతోషించారు గానీ సుత్తి మాత్రం తీసుకోలేదు. రద్దయినంత మాత్రాన సొంతం అయిపోదు, ఇచ్చినట్టు కాగితం లేదు కదా అన్నారు. అటవీ శాఖకి ఉత్తరం రాయండి, అభ్యంతరం లేదని వాళ్లంటే మేం తీసుకుంటాం, లేదంటే చాథంలో వాళ్ల మ్యూజియంకే అప్పగించండి అన్నారు. మొదట నాకు ఇది చాదస్తం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఎవరిదో తెలియని వస్తువుని గోడకి తగిలించి, రేపు అసలు హక్కుదారు వచ్చి అడిగితే ఇచ్చుకోవాల్సిన మ్యూజియాలు ప్రపంచంలో ఎన్ని లేవు! చిన్న మ్యూజియం ముందే జాగ్రత్తపడుతోంది. ఉత్తరం రాశాం. సుత్తి ప్రస్తుతానికి నాన్న బీరువాలో ఉంది.

ఆల్చిప్పది కూడా అటవీ శాఖ ఖాతానే. అరచేతుల రెంటిలో పట్టనంత పెద్దది, అంచులు అలల్లా ఉంటాయి. మా డాబా మీద పిచ్చుకలకి నీళ్లు పోసేవాళ్లం అందులో. ట్రైడాక్నా అనే జాతి. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో చేర్చారు, అంటే కాగితం మీద పులికెంత రక్షణో దానికీ అంతే. తాతయ్య తెచ్చింది చట్టంలోకి రాకముందే అయినా, పత్రం లేకుండా రాష్ట్రం దాటించకూడదు, మ్యూజియం తీసుకోకూడదు. అండమాన్ వెళ్లొచ్చి షెల్ఫులో గవ్వలూ పగడాలూ పెట్టుకున్న ఇళ్లు చెన్నైలో ఎన్ని ఉన్నాయో తల్చుకుంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఇక్కడి అటవీ అధికారులకి దాని గురించి రాసి ఇచ్చాం.

అండమాన్‌లో పెరిగే పడౌక్ చెట్టు చెక్కతో చేసిన పెట్టె విషయంలో గొడవే లేదు. మిల్లులో మిగిలిన తుక్కు ముక్కలతో తాతయ్య స్వయంగా చేసింది, లోపల ఆయన రాసుకున్న పేరు కూడా ఉంది. అయితే చెక్క పడౌకేనా అని మేడమ్ సందేహం. అత్త చెప్పిన ఉపాయం, పెట్టె అడుగున రాలిన పొట్టు గాజు గ్లాసులో నీళ్లు పోసి వెయ్యమని. కాసేపటికి నీళ్లు లేత టీ రంగుకి వచ్చాయి. డాబా మీద ఎండలో పెట్టి, వెనక నల్ల గుడ్డ పట్టుకుంటే అంచు దగ్గర నీలంగా మెరిసింది. వేగిస చెక్క గ్లాసులో నీళ్లు తాగేవాళ్లకి ఈ నీలం తెలుసు. పడౌకూ, వేగిసా, మన ఎర్రచందనం అన్నీ ఒకే కుటుంబం చెట్లు. తాతయ్య సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి ఈ గారడీ చేసేవాడట. ఆ ఫోటో కూడా పెట్టెతో పాటు రికార్డులోకి వెళ్లింది.

మిల్లు ముందు తీసిన గ్రూప్ ఫోటోలో మనుషులెవరో రాయాల్సి వచ్చింది. వెనక వరసలో మీసాలాయన నాన్న లెక్కలో ఫలానా కేరళ మేస్త్రీ, అత్త లెక్కలో ఫలానా రాంచీ మనిషి. ఇద్దరూ వీడియోలో అరుచుకుంటుంటే ఏం రాయాలో తోచక మేడమ్‌నే అడిగాను. "ఇద్దరి మాటా రాయండి. ఎవరు ఏమన్నారో, ఏ తారీకున అన్నారో పక్కన పెట్టండి. రేపు ఆయన మనవడు వచ్చి చెబుతాడు" అన్నారు. నాకు బాగా నచ్చిన మాట అది. మా ఇంట్లో గొడవల్ని తీర్చకుండానే భద్రపరిచే పద్ధతి ఉందని అప్పుడే తెలిసింది.

వాళ్లు అడిగి మరీ తీసుకున్నది మాత్రం జాబితాలో లేనే లేదు. పంపినవన్నీ చూశాక మేడమ్ అడిగారు, "ఇవన్నీ మీ తాతగారివి. నాయనమ్మగారివి ఏమున్నాయి?" ఏమీ లేవన్నాను. చీరలు పంచేశాం, నగలు కోడళ్ల దగ్గరున్నాయి. అమ్మ వంటింట్లోంచి అరిచింది, "తిరగలి లేదూ?"

నల్లరాతి తిరగలి. వాషింగ్ మెషీన్ వెనక గోడకి ఆనించి ఉంటుంది. కాటా మీద పై రాయి ఒక్కటే తొమ్మిది కిలోలు తూగింది. కింది రాయి మధ్యలో ఇనప శీల ఉంది, పై రాయికి గింజలు పోసే కన్ను, పక్కన చెయ్యి పట్టీ పట్టీ నున్నగా అయిపోయిన కొయ్య పిడి. రాళ్లు విడదీస్తే లోపలి గాట్లలో పిండి గట్టిపడి ఉంది, బూడిద రంగులో. దాన్ని గోకొద్దని మరీ మరీ చెప్పారు. ఏ గింజలు విసిరారో ఎప్పుడైనా పరీక్ష చేసి చెప్పొచ్చట.

దాని గురించి అత్త చెప్పింది రాయడానికి ఫారంలో గడి చాలలేదు, విడిగా కాగితాలు జతచేశాను. నాయనమ్మ కాపురానికి వెళ్తూ సోంపేట నుంచి మద్రాసుకి రైల్లో, మద్రాసు నుంచి మూడు రోజుల పైన ఓడలో దాన్ని మోసుకెళ్లింది. అక్కడ రాళ్లు లేవా అని ఓడలో అందరూ నవ్వారట. క్వార్టర్ల వరసలో తిరగలి ఉన్నది ఈమెకొక్కదానికే. చోడిపిండికి, అంటే రాగిపిండికి, మనవాళ్లు వచ్చేవారు. సంక్రాంతి ముందు రోజుల్లో పక్కింటి బెంగాలీ ఆవిడ పిఠాలనే పిండివంటలకి బియ్యప్పిండి విసురుకునేది, వాళ్లకీ అదే రోజు పౌష్ సంక్రాంతి కదా. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లు వాళ్లు. ఒకరి మాట ఒకరికి రాదు. చెరో పక్కా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పుతూ ఎవరి పాట వాళ్లు పాడుకునేవారట. గాట్లు అరిగితే మళ్లీ కొట్టే మనిషి దీవిలో లేడు, మిల్లు ఫిట్టరు చేత కొట్టించేవారు. అందుకే మన ఊళ్లలో తిరగలి మీద ఉండే గాట్లలా కాకుండా ఇవి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఇదంతా నాన్నకి కూడా తెలియదు. మగపిల్లాడు, పిండి విసిరే చోట ఎందుకుంటాడు?

తిరగలి ఫోటో చూసిన గంటలో మేడమ్ ఫోన్ చేశారు. మిగతావన్నీ కమిటీ ముందు పెట్టాలి గానీ ఇది మాత్రం తప్పకుండా కావాలి అన్నారు.

పద్దుల పుస్తకం దగ్గర మేమే వెనక్కి తగ్గాం. తాతయ్య తోటి పనివాళ్లకి చేబదుళ్లు ఇచ్చేవాడు. పేరు, ఎంత, ఎందుకు, పక్కన వేలిముద్ర. ఊళ్లో తల్లి చావుకి ఓడ టికెట్‌కి అని ఒకచోట, కూతురి పెళ్లికి అని ఒకచోట. కొన్ని తీరలేదు. వాళ్ల మనవలు ఇవాళ ఆ ఊళ్లోనే ఉన్నారు, అత్త చీటీ కట్టేది వాళ్లతోనే. మ్యూజియంకి అది చాలా ముచ్చటగా ఉంది, ఎందుకంటే జీతం కాగితాల్లో దొరకని బతుకు అందులో ఉంది. 2004 సునామీలో దీవుల్లో ఎన్నో ఇళ్ల కాగితాలు కొట్టుకుపోయాయని, అందుకే ఇటువైపు మిగిలినవి ముఖ్యమని మేడమ్ అన్నారు. చివరికి దానపత్రంలో ఒక షరతు రాయించాం. పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది, కానీ పేర్లున్న పేజీలు 2050 దాకా ఎవరికీ చూపించకూడదు. ఇలా షరతు పెట్టొచ్చని తెలియక చాలామంది ఇవ్వడం మానేస్తారు, లేదా చింపేస్తారు. అడిగితే చాలు.

దానపత్రం అంటే వారసులందరి సంతకాలు. నాన్న, అత్త, పోయిన చిన్నాన్న తరఫున పిన్నీ పిల్లలూ. పిన్ని ఫోన్‌లో మొదట అడిగింది, "పెట్టెలో బంగారం గట్రా ఏమైనా ఉన్నాయా?" లేవని వీడియోలో చూపించాక సంతకం పెట్టింది. పత్రం మొదటి ముసాయిదాలో ఊరు పోర్ట్ బ్లెయిర్ అని ఉంది. 2024 సెప్టెంబర్‌లో పేరు మారి శ్రీ విజయపురం అయింది కాబట్టి మళ్లీ టైపు చేయించి, మళ్లీ అందరి చుట్టూ తిరిగాం. అత్త ఇప్పటికీ పోటుబ్లేరే అంటుంది.

కాగితాలు పట్టుకుని కోర్టు పని మీద పారిస్ కార్నర్ వెళ్లిన రోజు పక్కనే సెయింట్ జార్జ్ కోటలో మ్యూజియం కూడా చూసొచ్చాను. 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండా అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. గదిలో వెలుతురు కావాలనే తగ్గించి ఉంచారు, రంగు వెలిసిపోకుండా. మా ఖాకీ చొక్కాని చీకటి గదిలో పెడతామంటే మా అమ్మ "మరి ఎవరు చూస్తారే" అంది. అప్పుడు ఈ జెండా సంగతి చెప్పాను.

పంపడం తేలికగానే అయింది. విమానంలో 15 కిలోల లెక్క, తిరగలి మాటెత్తితేనే దండం పెట్టారు. రాజాజీ సాలైలో అండమాన్ ఓడల టికెట్లు ఇచ్చే ఆఫీసులో అత్త కొడుకు బంక్ టికెట్ కొనుక్కున్నాడు. రెండు రాళ్లకీ మధ్య దుప్పటి మడత పెట్టి, ఒక్కోదాన్నీ విడిగా నూలు గుడ్డలో చుట్టి చెక్క పెట్టెల్లో సర్దాం. నాయనమ్మ దాన్ని మోసుకుంటూ ఎప్పుడో ఓడెక్కిన ఆ రేవు నుంచే తిరగలి మళ్లీ ఓడెక్కింది. కాగితాలు వాడు చేతి సంచిలోనే పెట్టుకున్నాడు.

అక్కడ దింపాక వస్తువుల్ని వెంటనే లోపలికి తీసుకెళ్లరు. కొన్నాళ్లు విడి గదిలో ఉంచి పురుగు లేదని తేల్చుకున్నాకే మిగతావాటి దగ్గరికి చేరుస్తారు. ఆ తర్వాత రసీదుతో పాటు నంబర్లు వచ్చాయి. సంవత్సరం, చుక్క, మా దానం వరస సంఖ్య, చుక్క, వస్తువు సంఖ్య. తిరగలి పై రాయికీ కింది రాయికీ చివర వేర్వేరు అక్షరాలు. రాయి మీద నేరుగా రాయరు, ముందు పారదర్శకమైన పూత ఒకటి పూసి దాని మీద రాస్తారు. ఎప్పుడైనా తుడిచెయ్యాలంటే మచ్చ లేకుండా వచ్చేస్తుంది.

మొన్న సంక్రాంతికి అత్త చూడ్డానికి వెళ్లింది. తిరగలి పక్కన చీటీ మీద "శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం" అని, దాత అని నాన్న పేరు ఉంది. అత్త అక్కడున్న కుర్రాడిని పట్టుకుంది. "మా తమ్ముడు దీన్ని ఏనాడూ తిప్పలేదు బాబూ. మా అమ్మ పేరేదీ?" అతను లోపలికెళ్లి మేడమ్‌ని పిలుచుకొచ్చాడు. మేడమ్ టీ తెప్పించి, అత్తని కూర్చోబెట్టి, రికార్డర్ పెట్టారట. చీటీ మార్చారు, ఫోటో పంపారు, నాయనమ్మ పేరు మొదటి లైన్లో ఉంది. రికార్డింగ్ మాత్రం గంట దాటిందని విన్నాం. నాన్న గురించి అందులో ఏం చెప్పిందో అడిగితే, మ్యూజియంకి వచ్చి వినమంటోంది అత్త.